ఎమ్మెస్సీ నర్సింగ్: రిజిస్ట్రేషన్ కాగితం నుంచి డిసర్టేషన్ దాకా

ఎమ్మెస్సీ నర్సింగ్ చేయాలనుకుంటే దరఖాస్తుకు కనీసం ఏడాదిన్నర ముందే పని మొదలుపెట్టాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ నర్సింగ్ తర్వాత కనీసం ఏడాది పని అనుభవం కావాలి. ఆ ఏడాది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నది మీ చేతిలోని కాగితాలే చెప్పాలి. మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా పదకొండు నెలల ఇరవై రోజుల అనుభవ పత్రంతో సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోయేవాళ్లు ఉంటారు.

ముందు ఇది తేల్చుకోండి: మీకు ఈ డిగ్రీ ఎందుకు?

నర్సింగ్ కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే ఎమ్మెస్సీ లేకుండా ట్యూటర్ స్థాయి దాటడం కష్టం. అసిస్టెంట్ ప్రొఫెసర్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అన్ని పోస్టులకూ అది కనీస అర్హత. పెద్ద ఆసుపత్రుల్లో నర్సింగ్ ఎడ్యుకేటర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్, క్వాలిటీ విభాగాలకూ పనికొస్తుంది.

ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ కావడమే లక్ష్యమైతే మాత్రం ఆ ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ చాలు. ఎమ్మెస్సీకి పట్టే రెండేళ్లూ ఆ పరీక్ష మీద పెట్టడమే నయం. గల్ఫ్‌కో, యూకేకో స్టాఫ్ నర్సుగా వెళ్లాలనుకునేవారు ఇంకోసారి ఆలోచించుకోవాలి. అక్కడ అడిగేది వార్డులో, ఐసీయూలో చేసిన డ్యూటీ. మీరు ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లను వాళ్లు గ్యాప్‌గా చూసే అవకాశం ఉంది. పైగా ఎమ్మెస్సీ చేసినా అమెరికాకు ఎన్‌క్లెక్స్, యూకేకు అక్కడి కౌన్సిల్ పెట్టే పరీక్షలు రాయాల్సిందే.

1. అర్హత లెక్క

బీఎస్సీ నర్సింగ్‌లో గానీ, జీఎన్‌ఎం డిప్లొమా తర్వాత చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీలో గానీ మొత్తం మీద 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. శాతం వేసేటప్పుడు నాలుగేళ్ల మార్కులూ కలపాలి. చివరి ఏడాది 62 వచ్చిందని ధీమాగా ఉండి, మొదటి ఏడాది 47ని మరిచిపోతే అన్నీ కలిపాక 54 దగ్గర ఆగవచ్చు. 54.8ని 55గా చూస్తారని ఆశ పెట్టుకోవద్దు.

నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక అనుభవం: బీఎస్సీ వారికి డిగ్రీ తర్వాత ఏడాది, పోస్ట్ బేసిక్ వారికి ఆ కోర్సుకు ముందైనా తర్వాతైనా ఏడాది. జీఎన్‌ఎం చేసి, అయిదేళ్లు డ్యూటీ చేసి, ఆపైన పోస్ట్ బేసిక్ చదివినవారికి కోర్సు కాగానే దరఖాస్తు చేసుకునే వీలు దీనివల్లే ఉంది. ఈ సంగతి తెలియక ఇంకో ఏడాది ఆగేవాళ్లు చాలామంది.

2. కాగితాలు

ఫలితాలు రాగానే ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుని ఆంధ్రా వారైతే విజయవాడ కౌన్సిల్‌లో, తెలంగాణ వారైతే హైదరాబాద్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్‌కు పెట్టండి. ఉద్యోగం దొరికాక చూసుకుందాంలే అనుకోవద్దు. ఫలితాలు జూన్‌లో వచ్చి, ఆగస్టులో డ్యూటీలో చేరి, రిజిస్ట్రేషన్ డిసెంబరులో చేయించుకుంటే ఆ మధ్య నాలుగు నెలల డ్యూటీ మీద ప్రశ్న వస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నర్సుగా ఎలా పని చేశారని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. రిజిస్ట్రేషన్ తర్వాత ఆధార్‌తో ముడిపడిన జాతీయ నర్సుల రిజిస్టర్‌లో నమోదై, ఒక్కో నర్సుకు విడిగా ఇచ్చే ఎన్‌యూఐడీ గుర్తింపు నంబరు కూడా తెచ్చుకోండి. బెంగళూరులోనో మరో రాష్ట్రంలోనో బీఎస్సీ చదివినవారు ముందు అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టరై, అక్కణ్నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, ఇక్కడికి మార్చుకోవాలి. ఇందుకు వారాలు కాదు, నెలలు పడుతుంది.

అనుభవ పత్రంలో ఇవి కనిపించాలి: హోదా, విభాగం, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఆసుపత్రి పడకల సంఖ్య, ఆసుపత్రి రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం చేసినవారి పేరు, హోదా, గుండ్రటి ముద్ర, పత్రం ఇచ్చిన తేదీ. ‘మా ఆసుపత్రిలో ఏడాదికి పైగా పనిచేసినారు’ అని తేదీలు లేకుండా రాసిచ్చే పత్రం ఎందుకూ పనికిరాదు. ఇంకా అక్కడే పనిచేస్తుంటే ‘నేటి వరకు’ అని రాసి, ఆ నేడు ఏ తేదీయో కింద ఉండేలా చూసుకోండి. నియామక పత్రం, రిలీవింగ్ ఆర్డర్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా దాచుకోండి. చిన్న నర్సింగ్ హోమ్ పత్రం మీద అనుమానం వస్తే కాపాడేది ఆ స్టేట్‌మెంటే.

స్థానికత కోసం స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, టీసీ, మైగ్రేషన్ అన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరం మారితే మళ్లీ తెచ్చుకోవాలి. పోయిన ఏడాదిది పెట్టి రిజర్వేషన్ పోగొట్టుకోవద్దు. ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారు దరఖాస్తుకు ముందే శాఖ నుంచి ఎన్‌ఓసీ అడగాలి. ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి నోటిఫికేషన్ కోసం చూస్తూ కూర్చోకుండా అడిగేయండి.

3. స్పెషాలిటీ

అయిదు ఉన్నాయి: మెడికల్ సర్జికల్, ప్రసూతి-గైనిక్, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్. మెడికల్ సర్జికల్‌లో మళ్లీ గుండె-ఛాతీ, క్రిటికల్ కేర్, క్యాన్సర్, న్యూరో, కిడ్నీ, ఎముకలు, జీర్ణకోశం లాంటి ఉప విభాగాలుంటాయి.

అందరూ మెడికల్ సర్జికల్‌కే ఎగబడతారు. కారణం ఉంది, ఉద్యోగాలు ఎక్కువ. కానీ ప్రతి నర్సింగ్ కాలేజీకీ అయిదు విభాగాల్లోనూ టీచర్లు కావాలి, మానసిక ఆరోగ్యంలో చదివినవారు తక్కువ. ఆ సబ్జెక్టు అంటే భయం లేనివారికి అది తెలివైన ఎంపిక. రెండేళ్లలో స్పెషాలిటీ ప్రాక్టికల్ గంటలు మొదటి ఏడాది 650, రెండో ఏడాది 950, మొత్తం 1600. రోజూ ఏ వార్డులో నిలబడటం మీకు విసుగు పుట్టదో ఆ వార్డే మీ స్పెషాలిటీ. లేబర్ రూమ్ అరుపులు పడనివారు మార్కుల కోసం గైనిక్ తీసుకుంటే ఆ 1600 గంటలూ శిక్షే.

ఇవి కాక కౌన్సిల్ రూపొందించిన ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’ అనే రెండేళ్ల రెసిడెన్సీ కోర్సు వేరేగా ఉంది. బోధన కన్నా పడక పక్కనే ఉండిపోవాలనుకునే ఐసీయూ నర్సులు దాన్నీ చూడాలి.

4. ఎక్కడ చేరాలి

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లు ఇస్తాయి. కన్వీనర్ కోటా సీట్లు వాటి ద్వారానే. ర్యాంకు ఎలా నిర్ణయిస్తారు, అనుభవాన్ని ఏ తేదీ దాకా లెక్కిస్తారు అన్నవి ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చదవండి. సీనియర్లు చెప్పింది పోయిన ఏటిది కావచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ విడిగా ప్రకటన ఇస్తాయి. వాటి వెబ్‌సైట్లను వారానికోసారి తెరిచి చూడటం తప్ప దారి లేదు.

బయట చూస్తే ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్‌మర్, వెల్లూరు సీఎంసీ ఉన్నాయి. మానసిక ఆరోగ్యానికి బెంగళూరు నిమ్‌హాన్స్‌ను మించింది లేదు. ఎయిమ్స్‌కు 60 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం కావాలి. ఆ సడలింపు లేనివారి మార్కులు 55కీ 60కీ మధ్య ఉంటే ఆ దరఖాస్తు రుసుము మిగుల్చుకోండి.

ప్రైవేటు కాలేజీని ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడొద్దు, మూడు సంగతులు అడగండి. ఒకటి, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఈ విద్యా సంవత్సరపు జాబితాలో ఆ కాలేజీ పేరు ఎమ్మెస్సీ కింద ఉందా, మీకు కావలసిన స్పెషాలిటీకి ఎన్ని సీట్లున్నాయి? బీఎస్సీకి అనుమతి ఉన్నంత మాత్రాన ఎమ్మెస్సీకి ఉన్నట్టు కాదు. రెండు, ప్రాక్టికల్స్ ఎక్కడికి పంపుతారు? పిల్లల నర్సింగ్ అయితే నిలోఫర్ లాంటి చోటికా, ఇరవై పడకల సొంత ఆసుపత్రికా? మానసిక ఆరోగ్యమైతే ఎర్రగడ్డకో, విశాఖ మానసిక వైద్యశాలకో పంపుతారా? మూడు, మీ స్పెషాలిటీలో గైడ్ చేసే అర్హత ఉన్న అధ్యాపకులు కాలేజీలో నిజంగా ఉన్నారా, ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపిస్తారా? ఇది యాజమాన్యం చెప్పదు. రెండో ఏడాది చదివే ఇద్దర్ని క్యాంటీన్‌లో పట్టుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

‘రాకపోయినా ఫర్వాలేదు, పరీక్షలకు వస్తే చాలు’ అనే సీటు జోలికి పోవద్దు. థియరీకీ ప్రాక్టికల్‌కూ విడివిడిగా 80 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వకూడదు. డిగ్రీ ఇచ్చేలోపు ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తి కావాలి. ఎమ్మెస్సీ చదివిన కాలానికే ఇంకో ఊళ్లో ఫుల్‌టైమ్ ఉద్యోగ అనుభవ పత్రం కూడా పెడితే ఏళ్ల తర్వాత ప్రభుత్వ పోస్టు పరిశీలనలో రెండూ ఎదురెదురుగా నిలబడతాయి. అప్పుడు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

ఒరిజినల్స్ కాలేజీకి ఇచ్చే ముందు ప్రతి కాగితం రెండు వైపులా స్కాన్ చేసి, ఏమేం ఇచ్చారో రాసి, రసీదు తీసుకోండి.

5. ఎంట్రన్స్‌కు చదవడం

ప్రశ్నలు బీఎస్సీ నాలుగేళ్ల సబ్జెక్టుల నుంచే వస్తాయి. బరువు మెడికల్ సర్జికల్ వైపు. డ్యూటీ చేస్తూ చదివేవారికి రోజుకు రెండు గంటలు, ఆరు నెలలు అనుకోండి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున చదవాలని పెట్టుకోవద్దు, అది జరగదు. ఆ రోజు నిద్రపోయి సాయంత్రం పాత ప్రశ్నపత్రం చేయండి.

మార్కులు పోయేది తెలియని చోట కాదు, సగం తెలిసిన చోట. కాలిన గాయాల రోగికి ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ సూత్రం తీసుకోండి. 60 కిలోల మనిషికి 30 శాతం కాలింది. 4 మి.లీ. ఇంటూ 60 ఇంటూ 30 అంటే 24 గంటలకు 7200 మి.లీ. అందులో సగం, 3600, మొదటి ఎనిమిది గంటల్లో. ఇంతవరకు అందరూ చేస్తారు. అయితే ఆ ఎనిమిది గంటలు కాలిన క్షణం నుంచి లెక్క, ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి కాదు. రోగి రెండు గంటలు ఆలస్యంగా వస్తే మిగిలింది ఆరు గంటలే, కాబట్టి గంటకు 600 మి.లీ. ఎక్కించాలి. 450 అని పెట్టినవారు సూత్రం తెలిసి కూడా తప్పు చేసినట్టే. అలాగే డ్రిప్ లెక్క: 1000 మి.లీ. ఎనిమిది గంటల్లో, మి.లీ.కి 15 చుక్కల సెట్‌తో అంటే 15000ను 480తో భాగిస్తే నిమిషానికి 31 చుక్కలు. వార్డులో ఇన్ఫ్యూజన్ పంపు అలవాటైనవాళ్లు ఈ లెక్క మరిచిపోయి ఉంటారు. మళ్లీ చేత్తో చేయండి.

‘ముందుగా ఏం చేస్తారు’ రకం ప్రశ్నల్లో మీ ఆసుపత్రి అలవాటు తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ ముందు డాక్టరుకు ఫోన్ చేస్తారు. పరీక్షలో జవాబు సాధారణంగా రోగిని చూడటం, శ్వాసమార్గం, శ్వాస, రక్త ప్రసరణ వరుసలోనే ఉంటుంది.

6. మొదటి ఏడాది

నాలుగు సబ్జెక్టులు: నర్సింగ్ ఎడ్యుకేషన్, అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్, రీసెర్చ్-స్టాటిస్టిక్స్, స్పెషాలిటీ మొదటి భాగం. ఒక్కొక్కదానికి 150 గంటల థియరీ. థియరీ పేపరు 75, ఇంటర్నల్ 25. రీసెర్చ్ పేపరులో 75లో 50 రీసెర్చ్‌కి, 25 స్టాటిస్టిక్స్‌కి. ప్రతి దాంట్లో 50 శాతం రావాలి; థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవ్వాలి. ఒక సబ్జెక్టు పోయినా రెండో ఏడాదిలోకి వెళ్లనిస్తారు గానీ, అది పాసయ్యేదాకా రెండో ఏడాది పరీక్ష రాయనివ్వరు. ఒక్కో సబ్జెక్టుకు మొత్తం మూడు ప్రయత్నాలు, కోర్సు అంతా నాలుగేళ్లలోపు.

ఎక్కువమందిని ముంచేది అడ్వాన్స్‌డ్ నర్సింగ్ ప్రాక్టీస్‌లోని నర్సింగ్ సిద్ధాంతాలు. ఓరెమ్, రాయ్, బెట్టీ న్యూమన్‌ల నిర్వచనాలు బట్టీ పడతారు, కేర్ ప్లాన్ రాసేటప్పుడు చేతులెత్తేస్తారు. ఒక రోగిని పట్టుకుని చదవండి. చక్కెర జబ్బుతో పాదానికి పుండుపడి వచ్చిన మనిషి తన డ్రెస్సింగ్ తాను చేసుకోలేడు, ఇన్సులిన్ వేసుకోవడం రాదు. ఏది తానే చేసుకోగలడు, ఏది మనం చేయాలి, ఏది నేర్పి పంపాలి అని విడగొట్టడమే ఓరెమ్. అదే మనిషికి కాలు తీసేస్తే ఆ కొత్త ఒంటికి, కొత్త బతుక్కి ఎలా సర్దుకుంటాడన్న ప్రశ్నకు రాయ్ సరిపోతుంది.

7. డిసర్టేషన్

కోర్సు సగం ఈ పరిశోధన గ్రంథం మీదే ఆధారపడి ఉంటుంది, సగం కన్నీళ్లూ ఇక్కడే. కౌన్సిల్ సిలబస్ సూచించే గడువులు ఇవి: మొదటి ఏడాది తొమ్మిదో నెల చివరికి ప్రతిపాదన, రెండో ఏడాది తొమ్మిదో నెల చివరికి పూర్తయిన గ్రంథం. మధ్యలో ఏడాది ఉందనిపిస్తుంది. పరీక్షలు, సెలవులు, ఎథిక్స్ కమిటీ తేదీలు తీసేస్తే డేటా సేకరణకు చాలామందికి ఆరు వారాలకు మించి మిగలదు.

విషయం: ‘ఫలానా అంశంపై బోధన కార్యక్రమం వల్ల జ్ఞానం పెరుగుతుందా’ అన్న మూస వదిలేయండి. చెబితే కాస్తయినా తెలుస్తుంది కదా! మీ వార్డులో రోజూ కనిపించే, కొలవగలిగే సంగతి వెతకండి: కాన్యులా పెట్టిన చోట వాపు ఎన్ని గంటలకు వస్తోంది, సిజేరియన్ తల్లులకు మొదటి పాలు పట్టడం ఎందుకు ఆలస్యమవుతోంది, ఇలాంటివి. అనుకున్న వెంటనే ఆ వార్డు రిజిస్టర్ తెరిచి గత మూడు నెలల్లో అలాంటి రోగులు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. నెలకు ఎనిమిది మంది వచ్చే జబ్బు మీద వంద మంది శాంపిల్ అని రాసేస్తే తర్వాత ఏడుపే.

శాంపిల్ సంఖ్య గాలిలోంచి తీయకూడదు. శాతం కనుక్కునే సర్వేకు సులువైన సూత్రం: 4 ఇంటూ పీ ఇంటూ క్యూ, భాగించు డీ స్క్వేర్. ముందు అధ్యయనాల అంచనా (పీ) 50 శాతం, వందలో అది పోగా మిగిలింది (క్యూ) 50, మీకు చెల్లే పొరపాటు (డీ) 10 శాతం అనుకుంటే 4 ఇంటూ 50 ఇంటూ 50 అంటే 10000, దాన్ని 100తో భాగిస్తే 100 మంది. పొరపాటును 5కి తగ్గిస్తే 400 అవుతుంది. రెండు గుంపుల్ని పోల్చే అధ్యయనానికి సూత్రం వేరు. స్టాటిస్టీషియన్‌ దగ్గరికి డేటా తీసుకున్నాక కాదు, ఇప్పుడే వెళ్లాలి.

టూల్, అంటే మీ ప్రశ్నావళి, తయారయ్యాక అది అడగాల్సిందే అడుగుతోందా అని నిపుణుల చేత వ్యాలిడేషన్. ఆరుగురు లేదా ఎక్కువమంది చూస్తే ఒక్కో ప్రశ్న సరైనదని వాళ్లలో ఎందరు ఒప్పుకున్నారో చెప్పే సూచీ 0.78 పైన ఉండాలి. వాళ్లు ఆలస్యం చేస్తారు కాబట్టి కావలసినదానికంటే ఇద్దరు ముగ్గురికి ఎక్కువ పంపండి. రిలయబిలిటీకి, అంటే టూల్ నిలకడగా కొలుస్తోందా అని చూడటానికి, తప్పు-ఒప్పు జ్ఞాన ప్రశ్నలైతే కేఆర్-20, రేటింగ్ స్కేల్ అయితే క్రోన్‌బాక్ ఆల్ఫా, 0.7 కన్నా తక్కువ వస్తే టూల్ మళ్లీ చూసుకోవాలి. ముందు చిన్నగా చేసి చూసే పైలట్ స్టడీ, శాంపిల్‌లో పదో వంతు మంది మీద; వాళ్లను అసలు అధ్యయనంలో కలపకూడదు.

తెలుగులోకి మార్చడం దగ్గర చాలామంది అజాగ్రత్త చేస్తారు. ఇంగ్లీషు టూల్‌ను నిఘంటువు పెట్టుకుని మార్చి ‘మీకు ఆందోళన కలుగుచున్నదా’ అని అడిగితే, పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఆందోళన అంటే ధర్నా అనుకునే అవకాశం ఉంది. ‘గుండె దడగా ఉంటోందా’, ‘భయం భయంగా ఉంటోందా’ అంటే చప్పున చెబుతాడు. డిప్రెషన్‌కు ‘మాంద్యం’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు; ‘దిగులుగా ఉంటోందా, దేనిమీదా మనసు పోవడం లేదా’ అనాలి. మీరు మార్చినదాన్ని ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అధ్యయనంలో చేరడానికి రోగి ఇచ్చే సమ్మతి పత్రం కూడా అంతే. చదవడం రానివారికి చదివి వినిపించి, సాక్షి సంతకంతో వేలిముద్ర తీసుకోవాలి.

ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆసుపత్రి సూపరింటెండెంట్ అనుమతి రెండూ రాతలో వచ్చాకే మొదటి రోగిని పలకరించండి. రోగుల మీద ఏదైనా ప్రయోగం చేసే అధ్యయనమైతే మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు చేయాలి. ఖర్చేమీ లేదు, కానీ వాళ్లు అడిగే సందేహాలకు జవాబులివ్వడంలో వారాలు గడుస్తాయి. 2018 ఏప్రిల్ నుంచి అధ్యయనం మొదలయ్యాక చేసే నమోదును ఆ రిజిస్ట్రీ తీసుకోవడం లేదు. తర్వాత జర్నల్‌కు పంపినప్పుడు ఆ నంబరు అడుగుతారు.

డేటాను రోజు పని అయిన రాత్రే కంప్యూటర్‌లో ఎక్కించండి. వంద ఫారాలు ఒకేసారి ఎక్కిస్తే ఖాళీ వదిలేసిన ప్రశ్నలు అప్పుడు బయటపడతాయి, రోగి అప్పటికే ఊరెళ్లిపోయి ఉంటాడు.

8. పాసయ్యాక

డిగ్రీ రాగానే రాష్ట్ర కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకోండి. ఎమ్మెస్సీ ఉందని చెప్పి ఈ నమోదు లేక ఇంటర్వ్యూలో నీళ్లు నమిలేవాళ్లు ఉంటారు. టీచింగ్‌లో చేరితే మొదటి రోజు నుంచీ నియామక పత్రం, జీతం స్లిప్పులు, ఏ కోర్సుకు ఏ సబ్జెక్టు చెప్పారో రాసిన పత్రం పోగు చేయండి. అసోసియేట్, ప్రొఫెసర్, ప్రిన్సిపాల్ పోస్టులన్నీ అనుభవం ఏళ్ల లెక్క మీదే నడుస్తాయి. ప్రిన్సిపాల్‌కు మొత్తం 15 ఏళ్లు అడుగుతారు. కాలేజీ మారేటప్పుడు పత్రం చేతికొచ్చాకే గేటు దాటండి. ఏడేళ్ల తర్వాత వెనక్కి వెళితే ఆ కాలేజీ మూతపడి ఉండొచ్చు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బెంగళూరులోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి నడిపే నేషనల్ కన్సార్షియం ప్రకటన కోసం చూడండి. దానికి దరఖాస్తు చేసేటప్పుడు డిసర్టేషన్ నుంచి కనీసం ఒక వ్యాసమైనా అచ్చయి ఉంటే మీ మాటకు బలం ఉంటుంది, కాబట్టి డేటా ఫైలును పెన్‌డ్రైవ్‌లోనూ ఈమెయిల్‌లోనూ రెండు చోట్ల ఉంచుకోండి.